రైన్ ఒడ్డున రామచిలుక, అటక మీద రకూన్

జర్మనీలో రామచిలుకలు ఉన్నాయని ఫోన్‌లో చెబితే ఇండియాలో మనవాళ్లు వెంటనే అడిగేది ఒకటే: "జూలోనా?" జూలో కాదు. కొలోన్, బాన్, డ్యుసెల్‌డార్ఫ్, మైంజ్, వీస్‌బాడెన్, హైడెల్‌బర్గ్ ఊళ్లలో, ట్రామ్‌లు తిరిగే వీధుల పక్కన, పార్కుల్లో, ఎవరూ పెంచకుండానే బతుకుతున్నాయి. జనవరిలో ఆకు రాలిన చెట్టు మీద పచ్చగా ఏదైనా కనిపిస్తే అది చిలుకే అయ్యుంటుంది.

బీఎస్సీలో నేను చదివింది జంతుశాస్త్రం. అప్పటి పుస్తకాల్లో ప్రతి జంతువు పక్కన ఒక చిన్న పటం వేసి, అది ఉండే చోటికి రంగు అద్దేవారు. జర్మనీకి వచ్చాక తెలిసింది, ఆ రంగు దాటి వచ్చేసినవి చాలానే ఉన్నాయని. కొన్ని పంజరం నుంచి తప్పించుకున్నాయి. కొన్నింటిని మనిషే తెచ్చి వదిలాడు. కొన్ని తమంతట తామే నడిచి వచ్చాయి. తరతరాలుగా ఇక్కడే ఉండి ఇప్పుడు కనుమరుగైపోతున్నవీ ఉన్నాయి. ఈ కథలు మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఎవరు ఇక్కడివాళ్లు, ఎవరు బయటివాళ్లు అన్న ప్రశ్న మన ఇళ్లలోకీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కదా.

మెడలో కంటె ఉన్న చిలుక

మగ రామచిలుక మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగుల్లో కంటె పెట్టినట్టు ఒక గీత ఉంటుంది. జర్మన్లు దాన్ని చూసే హాల్స్‌బాండ్‌జిట్టిష్ అని పేరు పెట్టారు, అంటే మెడపట్టీ చిలుక. ఇంట్లో పెంచుకోవడానికి తెప్పించిన చిలుకల్లో కొన్ని ఎగిరిపోయి, 1960ల చివర్లో కొలోన్‌లో గూళ్లు పెట్టడం మొదలుపెట్టాయి. తర్వాత రైన్, నెకర్ నదుల వెంట ఊరి నుంచి ఊరికి పాకాయి.

జర్మనీ చలికి ఇవి ఎలా తట్టుకుంటున్నాయని అందరికీ ఆశ్చర్యం. జవాబు సగం వాటి పుట్టింట్లోనే ఉంది. యూరప్ చిలుకల జన్యువులను పరిశీలించిన శాస్త్రవేత్తలు వీటిలో ఎక్కువ భాగం ఉత్తర భారతం, పాకిస్తాన్ ప్రాంతాల నుంచి వచ్చినవని తేల్చారు. అంటే మన గోదావరి గట్టున జామకాయలు కొరికే చిలుకలకంటే ఇవి చలి ఎరిగినవి. మిగతా సగం రైన్ లోయది. జర్మనీలో శీతాకాలం కాస్త మెత్తగా ఉండే చోట్లలో అదొకటి. పైగా పెద్ద నగరం చుట్టుపక్కల పల్లెలకంటే ఎప్పుడూ ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. గూటికి పాత ప్లాటేన్ చెట్ల తొర్రలు ఉన్నాయి, తినడానికి పార్కుల్లో రకరకాల మొగ్గలు, కాయలు ఉన్నాయి.

హైడెల్‌బర్గ్, వీస్‌బాడెన్‌లలో ఇవి ఇంకో ఉపాయం కనిపెట్టాయి. ఇళ్లకు చలి తగలకుండా గోడల మీద అతికించే మెత్తటి పొరను ముక్కుతో తొలిచి, అందులో కాపురం పెట్టేస్తాయి. ఇంటి యజమానులకు ఖర్చు, చిలుకలకు హీటర్ ఉన్న ఇల్లు!

వాటివల్ల స్థానిక పక్షులకు నష్టం లేదా? బెల్జియంలో తొర్రల కోసం క్లైబర్ అనే చిన్న పిట్టతో పోటీ పడుతున్నాయని, స్పెయిన్‌లోని సెవిల్ పార్కులో పెద్ద జాతి గబ్బిలాలను తొర్రల్లోంచి తరిమేశాయని అధ్యయనాలు వచ్చాయి. జర్మనీలో మాత్రం అంత పెద్ద నష్టం ఇప్పటిదాకా కనిపించలేదు. ఒకే పక్షి ఒక ఊళ్లో ఒకలా, ఇంకో ఊళ్లో ఇంకోలా ఉంటుందన్నమాట.

మనకు చిలక జోస్యం తెలుసు. చిన్న పంజరం, కట్టగా పేర్చిన కార్డులు, తలుపు తీస్తే బయటికి వచ్చి కార్డు లాగే చిలుక. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మన చిలుకలను పట్టడం, అమ్మడం, పెంచుకోవడం నేరం. యూరోపియన్ యూనియన్ కూడా అడవి పక్షుల దిగుమతిని 2005లో తాత్కాలికంగా ఆపి, 2007 నుంచి పూర్తిగా నిషేధించింది. కొలోన్ చెట్ల మీదివి ఆ పాత వ్యాపారం వదిలిపెట్టిన సంతతి.

వీటికి ఒక దూరపు చుట్టం కథ కూడా చెప్పాలి. స్టుట్‌గార్ట్‌లోని బాడ్ కాన్‌స్టాట్ వైపు 1980ల నుంచి పచ్చటి ఒళ్లు, పసుపు తల ఉన్న అమెజాన్ చిలుకల గుంపు ఉంటోంది. వాటి అసలు ఊరు మెక్సికో. అక్కడ పట్టి అమ్ముకునేవాళ్ల వల్ల, అడవులు నరకడం వల్ల ఆ జాతి ప్రమాదంలో పడింది. సొంత ఊళ్లో నిలవలేకపోతున్న పక్షి స్టుట్‌గార్ట్ పార్కులో పిల్లల్ని పెంచుకుంటోంది.

మన పులికాట్ అతిథులు, ఇక్కడా

సూళ్లూరుపేట ఫ్లెమింగో పండగ గుర్తుందా? శీతాకాలంలో పులికాట్ సరస్సుకి వచ్చే ఆ రాజహంసల కోసం ఏకంగా పండగే చేస్తాం. జర్మనీలోనూ ఫ్లెమింగోలు ఉన్నాయి. నెదర్లాండ్స్ సరిహద్దు పక్కనే, ఫ్రేడెన్ ఊరి దగ్గర త్స్విల్‌బ్రోకర్ ఫెన్ అనే చిత్తడి నేల ఉంది. ప్రపంచంలో ఫ్లెమింగోలు సొంతంగా గూడు పెట్టే చోట్లలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్నది అదే. అక్కడ ఎక్కువగా ఉండేవి చిలీ ఫ్లెమింగోలు, వాటితోపాటు మన పులికాట్‌కి వచ్చే పెద్ద ఫ్లెమింగోలు కూడా. ఎవరో పెంచుకుంటుండగా తప్పించుకున్న పక్షులు 1980ల మొదట్లో అక్కడ పిల్లల్ని పెట్టడం మొదలుపెట్టాయి.

ఉప్పునీటి పక్షికి ఈ మంచినీటి చిత్తడిలో తిండి ఎలా? అక్కడ వేల సంఖ్యలో నల్లతల సముద్రపు కాకులు గూళ్లు పెడతాయి. వాటి రెట్ట నీళ్లలో పడి ఎరువవుతుంది. ఆ ఎరువుతో నాచు, నాచుతో కంటికి కనపడనంత చిన్న పురుగులు, రొయ్య జాతి జీవులు పెరుగుతాయి. ఫ్లెమింగో తలకిందులుగా ముక్కు ముంచి వాటినే వడగట్టుకుంటుంది. ఒంటికి ఆ గులాబీ రంగు వచ్చేది కూడా ఆ తిండిలోని కెరోటిన్ వల్లే, మన కారెట్‌లో ఉండే పదార్థపు కుటుంబానికి చెందినదే. అంటే కాకులు లేకపోతే ఫ్లెమింగోలు లేవు. పిల్లలు పెద్దయ్యాక ఇవి నెదర్లాండ్స్ తీరానికి పోయి, చలి తగ్గుముఖం పట్టగానే మళ్లీ వస్తాయి.

నాలుగు రకూన్లు, ఒక ఖండం

ఇక అసలు గలాటా రకూన్‌ది. కళ్ల చుట్టూ దొంగ ముసుగు, తోకకు పట్టీలు, ఉత్తర అమెరికా జంతువు. 1934 ఏప్రిల్ 12న హెస్సే రాష్ట్రంలోని ఎడర్‌జే జలాశయం దగ్గర అడవిలో రెండు జంటలను వదిలారు. స్థానిక జంతుజాలానికి కొత్త అందం వస్తుందని ఆనాటి ఆలోచన. హెర్మన్ గోరింగ్ ఆజ్ఞ మీద వదిలారని ఇప్పటికీ చెప్పుకుంటారు కానీ అది కట్టుకథ. 1945లో బెర్లిన్‌కు తూర్పున ఉన్న ఒక బొచ్చు ఫారం మీద బాంబు పడి మరో రెండు డజన్ల దాకా తప్పించుకున్నాయి. ఇప్పుడు జర్మనీలో ఏడాదికి రెండు లక్షలకు పైగా రకూన్లను వేటాడుతున్నారు, అయినా తగ్గడం లేదు.

ఎడర్‌జేకు దగ్గర్లోని కాసెల్ నగరాన్ని యూరప్ రకూన్ల రాజధాని అంటారు. గ్రిమ్ సోదరులు జానపద కథలు సేకరించిన ఊరూ అదే. అక్కడ చాలా ఇళ్ల వాననీటి గొట్టాలకు నున్నటి రేకులు చుట్టి కనిపిస్తాయి, రకూన్ ఎక్కకుండా. ఎక్కితే పెంకు పక్కకు జరిపి అటకలో పిల్లల్ని పెట్టేస్తుంది.

జర్మన్ పేరు వాష్‌బేర్, అంటే కడిగే ఎలుగు. అది తిండిని శుభ్రత కోసం కడగదు. దాని ముందరి పంజాల్లో స్పర్శ తెలిపే నరాలు విపరీతంగా ఉంటాయి. నీళ్లలో, చీకట్లో, రాళ్ల కింద దొరికేది పీతా, కప్పా, గులకరాయా అని చేత్తోనే తెలుసుకుంటుంది. ఆ అలవాటే మనకు కడుగుతున్నట్టు కనిపిస్తుంది.

ముచ్చటగా ఉన్నా దీనివల్ల నష్టం నిజం. బ్రాండెన్‌బుర్గ్‌లో కొద్దిగా మిగిలిన చెరువు తాబేళ్లను, చాలాచోట్ల కప్పలను గుంపులుగా తినేస్తోంది. దాని రెట్టలో ఉండే ఒక నులిపురుగు గుడ్లు మనిషి ఒంట్లోకి పోతే ప్రమాదం, ముఖ్యంగా మట్టిలో ఆడే చిన్నపిల్లలకు. అందుకే పిల్లికి పెట్టిన తిండి రాత్రిపూట బాల్కనీలో వదలకూడదు, బయో చెత్తడబ్బా మూత గట్టిగా వేయాలి. ఎంత అడిగినా చేత్తో తిండి పెట్టకూడదు.

1492, మిరపకాయ, సర్కారు తుమ్మ

ఒక అడవి దారిలో రకూన్ బొమ్మ ఉన్న బోర్డు చదివి మా అబ్బాయి అడిగాడు: "అమ్మా, బయటినుంచి వచ్చినవాటిని నియోజోయెన్ అంటారట. మనం కూడా అదేనా?"

వాడికి ఏడేళ్లు. నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఆ మాటకు ఖచ్చితమైన అర్థం ఉంది, అది చెప్పడమే మంచిదనిపించింది. జర్మన్ శాస్త్రవేత్తలు 1492ను గీతగా పెట్టుకున్నారు. కొలంబస్ అమెరికా చేరిన ఏడాది అది. ఆ తర్వాత మనుషుల వల్ల ఇక్కడికి చేరిన జంతువులు నియోజోయెన్, మొక్కలు నియోఫ్యూటెన్. అంతకుముందు రోమన్లతోనో మరొకరితోనో వచ్చినవి పాత కాపులు. ఇది కేవలం తేదీ లెక్క, మంచి చెడు లెక్క కాదు. అలా వచ్చినవాటిలో స్థానిక జీవులకు నష్టం చేసేవాటిని మాత్రమే ఇన్వేసివ్ అంటారు. యూరోపియన్ యూనియన్ 2016లో అలాంటివాటి మొదటి జాబితా వేసింది, అందులో రకూన్ ఉంది. ఇవన్నీ జాతుల గురించిన మాటలు. మనుషులంతా ఒకే జాతి. మనకు ఈ మాటలు వర్తించవు.

వాడికి ఇంకా తేలిగ్గా అర్థం కావాలని వంటింట్లోకే తీసుకెళ్లాను. జర్మన్ల బంగాళాదుంప అమెరికా నుంచి వచ్చింది. గుంటూరు పేరు చెబితే గుర్తొచ్చే మిరపకాయ కూడా అమెరికాదే. పోర్చుగీసు వాళ్లు తేకముందు మన వంటల్లో కారానికి మిరియాలే దిక్కు. ఇప్పుడు మిరపకాయ లేని ఆవకాయ ఊహించగలమా? అదే అమెరికా ఖండం నుంచి సర్కారు తుమ్మ కూడా మన ఊళ్లకు వచ్చింది. చెరువు గట్లూ బీళ్లూ ఆక్రమించి మరో మొక్కను మొలవనివ్వడం లేదు. రెండూ బయటివే. తేడా ఎక్కడినుంచి వచ్చాయన్నదాంట్లో లేదు, వచ్చాక చుట్టూ ఉన్నవాటిని ఏం చేశాయన్నదాంట్లో ఉంది.

సరిహద్దు దాటిన నాండు

అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. 2000 ప్రాంతంలో లూబెక్ దగ్గర ఒక కంచె దాటి కొన్ని నాండులు పారిపోయాయి. నాండు అంటే దక్షిణ అమెరికా మైదానాల్లో ఉండే, మనిషంత ఎత్తున్న, ఎగరలేని పక్షి. చూడటానికి చిన్న ఉష్ట్రపక్షిలా ఉంటుంది. అవి వాకెనిట్స్ నది దాటి మెక్లెన్‌బుర్గ్ పొలాల్లోకి చేరాయి. ఒకప్పుడు తూర్పు, పశ్చిమ జర్మనీల మధ్య సరిహద్దు ఆ నది వెంటే ఉండేది. వాటి ఇంట్లో పిల్లల పెంపకమంతా నాన్నదే. చాలా ఆడపక్షులు ఒకే గూట్లో గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి, మగది వాటిని పొదిగి పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది.

2018 శరదృతువు లెక్కలో అవి 566 తేలాయి. ఆవాల జాతి పంట రాప్స్‌ను తినేస్తున్నాయని రైతులు మొత్తుకున్నారు. దక్షిణ అమెరికాలో వీటి సంఖ్య తగ్గుతోంది కాబట్టి ఇక్కడ కాపాడాలని కొందరన్నారు. చివరికి 2020 నుంచి వేటకు అనుమతి వచ్చింది, సంఖ్య బాగా పడిపోయింది. ఇందులో రైతు తప్పూ లేదు, పక్షి తప్పూ లేదు.

తిరిగొచ్చిన తోడేలు

తోడేలు కథ దీనికి తిరగబడిన కథ. అది ఇక్కడిదే. గొర్రెల కోసం, భయం కోసం చంపుతూ పోయి 20వ శతాబ్దం మొదటికల్లా జర్మనీలో లేకుండా చేశారు. 2000లో సాక్సనీ రాష్ట్రంలోని ముస్కావర్ హైడే అనే సైనిక శిక్షణ మైదానంలో మళ్లీ తోడేలు పిల్లలు పుట్టాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు, పోలండ్ వైపు నుంచి నడిచి వచ్చాయి. సైనికుల కాల్పులు మధ్యమధ్యలోనే ఉంటాయి. రోడ్లు, ఇళ్లు, వేటగాళ్ల రద్దీ అక్కడ తక్కువ. తోడేలుకు అదే కావాలి. 2023-24 లెక్కలో దేశంలో 209 గుంపులు తేలాయి. తరతరాలుగా ఇక్కడ ఉన్న జంతువే అయినా, గొర్రెలు పెంచేవాళ్లకు అది ఇప్పుడు కొత్తగా వచ్చిన ముప్పే. కంచెలు, కాపలా కుక్కలు, నష్టపరిహారం చుట్టూ వాదన నడుస్తూనే ఉంది.

ఇంటివాడే వెళ్లిపోతున్నాడు

2020లో కరోనా మొదలైనప్పుడు సూపర్ మార్కెట్లో పిండి, టాయిలెట్ పేపర్ ఖాళీ అయిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. దాన్ని ఇక్కడివాళ్లు హామ్‌స్టర్‌కౌఫ్ అన్నారు, అంటే హామ్‌స్టర్ చేసినట్టు కొని దాచుకోవడం. ఆ మాటకు మూలం పంజరంలో చక్రం తిప్పే బుల్లి హామ్‌స్టర్ కాదు, ఇక్కడి పొలాల్లోని ఫెల్డ్‌హామ్‌స్టర్. గోధుమరంగు వీపు, నల్లటి పొట్ట, బుగ్గల్లో సంచులు. నేలలో రెండు మీటర్ల లోతు దాకా బొరియ తవ్వి కిలోల కొద్దీ ధాన్యం దాచుకుంటుంది. చలికాలమంతా నిద్రపోతూ, మధ్యమధ్యలో లేచి తిని మళ్లీ పడుకుంటుంది. తూర్పు జర్మనీలో ఒకప్పుడు లక్షల సంఖ్యలో పట్టి బొచ్చు కోట్లు కుట్టేవారు.

అంత ఎక్కువగా ఉన్న జంతువును 2020లోనే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. ఏ పరాయి జంతువూ దీన్ని తరమలేదు. యంత్రాలు ఒక్క రోజులో పొలం కోసి, వెంటనే దున్నేస్తున్నాయి. దాచుకోవడానికి గింజ లేదు, గద్దల నుంచి దాక్కోవడానికి మొదళ్లు కూడా లేవు. కొన్నిచోట్ల పొలమంతా ఒకే పంట, మొక్కజొన్న.

ఆ మొక్కజొన్న గురించి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్ పరిశోధకులు 2017లో ఒక భయంకరమైన విషయం బయటపెట్టారు. మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన తల్లి హామ్‌స్టర్లు పుట్టిన పిల్లల్ని తినేశాయి. బి3 విటమిన్ ఇవ్వగానే మామూలుగా పెంచాయి. మనుషుల్లో ఇదే విటమిన్ లోపంతో వచ్చే జబ్బు పెలగ్రా. జొన్నలే తిండిగా బతికే దక్కన్ పేదల్లో ఆ జబ్బు ఎందుకు వస్తోందో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం 1960ల్లో శోధించింది. మన జొన్నచేలకూ ఇక్కడి మొక్కజొన్నచేలకూ మధ్య ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని బీఎస్సీలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు కొన్ని ప్రాంతాల్లో రైతులకు డబ్బిచ్చి గోధుమ పట్టీలు కోయకుండా వదిలిస్తున్నారు. మాన్‌హైమ్ దగ్గర పొలాల్లో, హైడెల్‌బర్గ్ జూ సాయంతో పెంచిన హామ్‌స్టర్లను వదులుతున్నారు.

మీరు చూడాలనుకుంటే

చిలుకలకు డ్యుసెల్‌డార్ఫ్ కోనిగ్స్‌అలే మంచి చోటు. సూర్యాస్తమయానికి ముందు చుట్టుపక్కల చిలుకలన్నీ నిద్రకు అక్కడి చెట్ల మీదికి చేరతాయి. గొడుగు తీసుకెళ్లండి, వాన కోసం కాదు! ఫ్లెమింగోలకు వసంతంలో త్స్విల్‌బ్రోకర్ ఫెన్ వెళ్లండి. దూరం నుంచే చూడాలి కాబట్టి బైనాక్యులర్ తప్పనిసరి. హామ్‌స్టర్ జర్మనీ పొలాల్లో కనపడటం కష్టం. సెలవుల్లో వియన్నా వెళితే మైడ్లింగ్ శ్మశానవాటికలో పగలే తిరుగుతాయి, సమాధుల మీద కొవ్వొత్తుల మైనం కూడా తినేస్తాయి. తోడేలును వెతుక్కుంటూ వెళ్లకండి. ఎదురైతే పరిగెత్తకుండా, గట్టిగా మాట్లాడుతూ మెల్లగా వెనక్కి నడవండి.

దారిలో పిల్లలు ఏ జంతువునైనా చూపించి "ఇది ఎక్కడిది?" అని అడిగితే జవాబు చెప్పండి. తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు మీరే అడగండి: ఇక్కడ ఏం తింటోంది? ఎవరి గూట్లో ఉంటోంది? అసలు సంగతి తెలిసేది ఆ రెంటి జవాబుల్లోనే.